తెల్లచెంప కింద పొగ

పోయినవారం బురుల్‌ని కొండ నెత్తిన నిలబెట్టి వచ్చేశాం. ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది, కాలుగాలిన పిల్లిలా అంచువెంట అటూ ఇటూ తిరుగుతూ.

మధ్యలో అందుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నౌరూజ్ పండగ వెళ్ళిన వారానికే మా అల్మాబెల్‌లో స్కీ బేస్ మూసేశారు. కుర్చీల లిఫ్టు ఆగింది. కాపలావాడు కుక్కని వెంటేసుకుని కారాకోల్ వెళ్ళిపోయాడు. నేల బయటపడి, గొర్రెలకి పచ్చగడ్డి రుచి తెలిశాక, పిలవని చుట్టంలా ఏప్రిల్లో మళ్ళీ మంచు దిగింది. రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసి నిన్న మధ్యాన్నం దాటాక ఆగింది.

చలికాలంలో తండ్రి కచ్కిన్‌ని మట్టిలో పెట్టినప్పటి నుంచి బురుల్‌కి ఇంట్లో కాలు నిలవడం లేదు. విదేశీయుల్ని కొండలెక్కించే పని మానుకుని తల్లి దగ్గరికి వచ్చిందన్నమాటేగాని, కూర్చుంటే లేస్తుంది, లేస్తే వాకిట్లోకి పోతుంది, వాకిట్లో నిలబడి కొండకేసి చూస్తుంది. కచ్కిన్ ఆ బేస్‌లో మందుగుండు మనిషి. రాత్రి మంచు పడితే పొద్దున్నే పైకెక్కి, బరువెక్కిన వాలుల్ని పేల్చి దించేసి, ఆ తరవాతే జనాన్ని వదలమనేవాడు. ఆయన పోయాక ఆ పని శిష్యుడు ఉలార్‌కి వచ్చింది. ఆ ఉలారే ఇవాళ వెలుగు రాకముందు కిటికీ తట్టి, "కొత్త మంచు. ఎవడూ తొక్కలేదు. వస్తావా?" అన్నాడు. ఈ పిల్ల బూట్లు తొడుక్కునే వీధిలోకి వచ్చింది.

వెనక్కి జారకుండా స్కీల అడుగున బొచ్చుపట్టీలు అతికించుకుని, ఆగిపోయిన కుర్చీల కింద నుంచి ఇద్దరూ ఎక్కారు. తొమ్మిదో స్తంభం దగ్గర, తెల్లచెంప అనే పెద్ద వాలు మొదలయ్యే చోట, బురుల్ పట్టీలు పీకుతూ కిందికి చూసింది. వాలు అడుగున, ఊరంతా మొక్కే పుణ్యపురుషుడు ఔలియా పేరున్న ఊట పక్కన పొగ కనిపించింది.

"పొగ," అంది.

ఉలార్ బుర్ర ఎత్తలేదు. "పొగమంచేమో."

"పొగమంచు పొయ్యిలోంచి లేస్తుందా? చూడు సరిగ్గా. గుర్రాలున్నాయి. లారీ కూడా ఉంది. తులోకి వచ్చేశారు."

తులో అంటే మందలు కొండెక్కే ముందు ఊరంతా ఊట దగ్గర చేరి, పొట్టేలుని కోసి, ఊరి పెద్ద ఓమూర్జాక్ తాత చేత దీవెన చెప్పించుకుని, కలిసి తినే రోజు. తాతల నాటి నుంచీ ఆ ఊట దగ్గరే, ఆ వాలు పాదంలోనే చేస్తాం.

ఉలార్ అంచుదాకా వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"మధ్యాన్నం అన్నారు. నేను కనుక్కున్నా. మధ్యాన్నమే అన్నారు!"

"అయితే నువ్వెందుకు అంత అదిరిపోతున్నావ్? మనం ఇటు దిగం, అంతే. వెనక నుంచి లోయలోకి పోదాం. రా."

అతను కదల్లేదు. సరదాగా స్కీ చేద్దామని పిలిచినవాడు దారంతా ఒక్క జోకు వెయ్యలేదని ఆమెకి ఇప్పుడు తట్టింది. ఉలార్ నోరు ఊరుకుందంటే పన్నైనా నొప్పెట్టాలి, తప్పైనా చేసుండాలి.

ఆమె చిన్న పార తీసి అంచున మంచుని నిలువుగా కోసింది. పాత మంచు పగటి ఎండకి కరిగి, చలికి గడ్డకట్టి, గాజుపలకలా నున్నగా ఉంది. దానిమీద మోకాలి పైదాకా కొత్తది, గాలి తెచ్చి కుక్కి పెట్టింది. పారతో తట్టనైనా లేదు. కోసిన దిమ్మ దానంతటదే పలక మీదుగా జారి, అంచు దాటి, చప్పుడు లేకుండా పోయింది.

బురుల్ మోకాళ్ళ మీదే ఉండిపోయింది. తెల్లచెంప తూర్పు మొహం. ఎదుటి శిఖరం అంచు అప్పటికే బంగారు రంగు తిరుగుతోంది. ఎండ ఈ వాలుని తాకి, కొత్త మంచులో నీరు దిగితే చాలు, ఎవరూ తొక్కకపోయినా అదంతా ఊడి ఊట మీద పడుతుంది.

"ఉలార్. ఈ వాలు ఇలా ఉందని నీకు ముందే తెలుసు."

"ఊఁ."

"తెలిసి సరదాకి తీసుకొచ్చావా నన్ను?"

"సరదాకి కాదు." సంచిలోంచి తాడు చుట్ట తీసి మంచు మీద పడేశాడు. "నన్ను కట్టి పట్టుకోడానికి. అంచు వెంట అడ్డంగా పోయి తొక్కి, పొద్దున్నే దీన్ని దించేద్దామనుకున్నా. జనం వచ్చేలోపు. వేరే ఎవర్ని పిలిచినా ఊరంతా చెప్తారు."

"మంచు దించడం నీ ఉద్యోగం. అందులో దాచుకునేదేముంది?"

"బేస్ మూశాక అది ఎవరి ఉద్యోగం బురుల్? ఎవరిదీ కాదు." గొంతు తగ్గించాడు, అక్కడ వినేవాళ్ళెవరో ఉన్నట్టు. "తులోకి ముందు ఏటా ఉరుముతుంది కదా."

"మొదటి ఉరుము. అయితే?"

మా వైపు సంగతి మీకు తెలిసే ఉంటుంది. వసంతంలో మొదటిసారి ఉరిమితే ఆడవాళ్ళు గరిటె పట్టుకుని వాకిట్లోకి దూకుతారు. పాలు పొంగాలి, గడ్డి మొలవాలి అని ఇంటి చుట్టూ గోడ తడుతూ తిరుగుతారు. అల్మాబెల్‌లో ఆ ఉరుము ఎప్పుడూ తులోకి ఒకటి రెండు రోజుల ముందే వస్తుంది. ఔలియా సరే అన్నాడని చెప్పుకుంటాం. పక్క ఊళ్ళవాళ్ళ దగ్గర దాని గురించి కాస్త ఎక్కువే చెప్పుకుంటాం.

"అది ఉరుము కాదు," అన్నాడు ఉలార్. "బాబాయ్."

బురుల్‌కి ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. అర్థమయ్యాక నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఆగిపోయింది.

"మా నాన్నా?"

"ఏటా. బేస్ మూసేముందు నాలుగు తూటాలు పక్కన పెట్టేవాడు. చీకట్లో ఎక్కి, ఈ వాలుని పేల్చి దించి, వెలుగొచ్చేసరికి ఇంటికెళ్ళి పడుకునేవాడు. ఆడవాళ్ళు గరిటెలతో తిరుగుతుంటే లోపల దుప్పట్లో నవ్వుకునేవాడట. నాకు చెప్పాడు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, ఉరుము ఆగిపోకూడదురా అన్నాడు."

"మరి ఈ ఏడు?"

"యజమాని కొత్తోడు. మూసిన రోజే తూటాలన్నీ లెక్కపెట్టి పట్టుకుపోయాడు. ఒక్కటి దాచనివ్వలేదు."

"ఊళ్ళో చెప్పొచ్చుగా!"

"ఏమని? 'తాతా, ఇన్నేళ్ళూ మీరు మొక్కింది ఔలియాకి కాదు, కచ్కిన్‌కి' అని చెప్పనా? ఆయన సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు."

బురుల్ చేతి తొడుగు పళ్ళతో లాగి ఫోన్ తీసింది. మొదటిసారి మోగి ఆగింది. రెండోసారీ అంతే. కింద చీమల్లా తిరుగుతున్న మనుషుల్లో తల్లి నీలం శాలువా కోసం వెతుకుతూ మూడోసారి నొక్కింది.

"ఎక్కడ చచ్చావే?" తల్లి సాలికా గొంతు, దాని వెనక గొర్రెల అరుపులు, ఎవరిదో పగలబడే నవ్వు. "ఓమూర్జాక్ తాత కారాకోల్లో ఎవరి చావుకో పోవాలట. పొద్దున్నే కానిచ్చేద్దాం అని పక్కల మీంచి లేపి తోలుకొచ్చాడు. వడ్డించే దిక్కులేక నేను చస్తుంటే నువ్వేమో..."

"అమ్మా, నేను తెల్లచెంప మీదున్నా. మీ నెత్తిమీద."

"అయ్యో నా రాత! ఇవాళే దొరికిందా నీకు జారుడుబండ? తాత చూశాడంటే నన్ను దులిపేస్తాడు. వెనక్కి పో, కనపడకు."

"అందర్నీ లేపి ఏటి వంతెన అవతలికి తీసుకుపో. ఇప్పుడే."

"ఏం మాటే అది? డేగిసా పొయ్యి మీదుంది. దీవెన కాలేదు. దీవెన కాకుండా తులో నుంచి లేచినవాళ్ళని చూశావా ఎక్కడన్నా?"

"మంచుచరియ వస్తుందమ్మా."

"తులో నాడు ఇక్కడికి ఎప్పుడొచ్చింది చరియ? ఔలియా కూర్చున్న చోటిది. నేను కోడలిగా వచ్చినప్పట్నించీ చూస్తున్నా, ఒక్క పిడికెడు..."

బురుల్ కళ్ళు మూసుకుంది. చచ్చిపోయిన మనిషి మీద చాడీ చెబుతున్నట్టనిపించింది.

"ఆపింది ఔలియా కాదమ్మా. నాన్న. ఆ ఉరుము నాన్నది."

సాలికా జనం లోంచి నడిచి పక్కకి వస్తోందని అడుగుల కింద మంచు కిరకిరలాడటం బట్టి తెలిసింది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతు వేరు.

"నాకు తెలుసే."

"తెలుసా!"

"ఆయన చొక్కాల మందువాసన పోగొట్టింది ఎవరనుకున్నావ్? గరిటె పట్టుకుని అందరికంటే ముందు వాకిట్లోకి దూకేది ఎవరనుకున్నావ్? నేను దూకితేనే మిగతా ఆడవాళ్ళు దూకేవాళ్ళు. నేను అరిస్తేనే అది ఉరుమయ్యేది."

"తెలిసీ అక్కడ కూర్చున్నావా అమ్మా?"

"ఎందుక్కూర్చోనూ? నిన్న సాయంత్రం ఉలార్ వచ్చి చెప్పాడుగా. 'పిన్నీ, పని అయిపోయింది, గాలి అటు కొట్టింది, అందుకే మీకు వినపడలేదు' అని. రెండు గిన్నెల టీ తాగి, వెన్న రాసిన రొట్టె తిని మరీ చెప్పాడు. అప్పటికి నువ్వు గుర్రాన్ని కట్టెయ్యడానికి పోయావ్."

బురుల్ తలతిప్పి చూసింది. సాలికా ఫోన్లో మాట్లాడితే ఫోన్ అవసరం లేకుండానే వినిపిస్తుంది. ప్రతి ముక్కా ఉలార్ విన్నాడు. కర్ర మీద గడ్డం ఆనించి నేలకేసి చూస్తున్నాడు.

"ఆవిడ అడిగింది," అన్నాడు. "ఆ మొహం చూస్తూ లేదనలేకపోయా. రాత్రికి అబద్ధం, పొద్దున్నకి నిజమైపోతుందిలే అనుకున్నా."

"అంతమంది ప్రాణాలమీద అనుకున్నావా?"

"అనుకున్నా."

ఆ మాట తప్పించుకోకుండా చెప్పాడు చూడండి, దానికి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది. సాకు చెబితే తిట్టొచ్చు. ఒప్పుకున్నవాణ్ణి ఏం చెయ్యాలి?

"ఏమేవ్," అంది ఫోన్లో తల్లి. "ఆ సచ్చినోడు అబద్ధమాడాడా?"

"ఆడాడమ్మా."

"సరే. వాడి సంగతి నేను చూసుకుంటా, ముందు ఇది చూడనీ. ఎంతసేపుంది?"

"ఎండ వాలు మీదికి దిగేదాకా. ఇప్పుడు రాళ్ళ పైకొచ్చింది. నాన్న సంగతి చెప్పెయ్ వాళ్ళకి. చెప్పి లేపు."

"చెప్తే లేస్తారనుకున్నావా? తాత కోప్పడతాడు. ఆడవాళ్ళు ఏడుస్తారు. మగాళ్ళు కచ్కిన్ మంచోడా చెడ్డోడా అని వాదులాడుకుంటారు. వాళ్ళ వాదన సగంలో ఉండగా కొండ వచ్చి కూర్చుంటుంది. మాటలకి లేచే జనం కాదిది."

"మరెలా?"

"పెట్టేయ్ ఫోను."

ఇద్దరూ అంచున నిలబడి చూశారు. నీలం చుక్క ఒకటి జనం మధ్యలోకి నడిచింది. తొందర లేదు. డేగిసాలో ఉప్పు సరిచూడ్డానికి పోతున్నట్టే పోయింది. పొయ్యి దగ్గర వంగింది. మండుతున్న దుంగ ఒకదాన్ని మండని చివర పట్టుకుని లేచి, దాన్ని డేగిసా అడుగున దూర్చి, ఒళ్ళంతా బిగించి పైకెత్తింది.

నల్లటి పొగ ఉన్నట్టుండి తెల్లబడి, ఇంతెత్తున పొంగింది. చప్పుడు వాళ్ళదాకా రావడానికి కాస్త టైము పట్టింది. ఇనుము రాయికి తగిలిన మోత ముందు, ఆ వెనక ఊరంతా ఒక్కసారి అరిచిన అరుపు.

"యా ఖుదా," అన్నాడు ఉలార్.

మా వైపు తులో డేగిసాని పొరపాటున తాకి తొణికించినా ఏడాదిపాటు ఆ మాట అంటూనే ఉంటారు. కావాలని బోర్లించిన మనిషి నాకు తెలిసి లేదు. భర్త పోయిన దుఃఖంలో సాలికాకి మతి చలించిందని ఆ క్షణంలో అందరూ అనుకున్నారట. కానీ ఒలికిన తులో వంటని తొక్కకూడదు. మట్టి కప్పి, మళ్ళీ నీళ్ళు చల్లేదాకా ఆ చోట నిలబడకూడదు. ఆ సంగతి సాలికాకి తెలుసు, తాతకి ఇంకా బాగా తెలుసు. అందుకని తాతే చేతికర్ర గాల్లో తిప్పుతూ, పిల్లల్నీ ఆడవాళ్ళనీ గుర్రాల్నీ వంతెనవైపు అదిలించాడు. సాలికా ఒక్కమాట చెప్పకుండానే ఊరు కదిలింది.

పైనుంచి చూస్తుంటే ఎవరో బల్ల తుడిచినట్టుంది. ఊట పక్క తెల్లమంచు మీద ముద్ద నల్లమరక, బోర్లపడిన డేగిసా, చుట్టూ విరజిమ్మిన బోర్సోకులు, నూనెలో వేయించిన రొట్టెముక్కలు. మనిషి లేడు.

బురుల్ గుండె తేలికపడిందనుకుంటున్నారేమో. లేదు. ఆమె ఆ జాతి మనిషి కాదు. వంతెన దగ్గర కొందరు పారలు దించుకుంటున్నారు, చూసింది.

"మళ్ళీ వస్తారు. మట్టి కప్పడానికి."

"వస్తారు," అన్నాడు ఉలార్. అప్పటికే తాడు నడుముకి చుట్టుకుంటున్నాడు. "వాళ్ళు వచ్చేలోపు దించేయాలి. ఈ కొస పట్టుకో. ఆ రాయికి కాళ్ళు తన్నిపెట్టి కూర్చో."

"విప్పు."

"ఏంటి?"

"నీ ఒళ్ళు చూసుకున్నావా? చలికాలమంతా బేస్ వంటగదిలో పడి మేశావ్. నువ్వు జారితే నీతోపాటు నేనూ, ఆ రాయీ కలిసి వెళ్తాం. నన్నయితే నువ్వు ఆపగలవు. విప్పు."

"చేసింది నేను. నువ్వెళ్ళడమేంటి?"

"శిక్ష తరవాత తీరిగ్గా వేసుకుందువుగాని, మా అమ్మ చేతుల్లోనే వేయించుకుందువుగాని. ఇప్పుడు బరువు లెక్క చూడు."

అతను విప్పాడు. ముడి ఆమే వేసుకుంది. స్తంభానికి కట్టేద్దామంటే తాడు అంతదూరం అందదు, అందినా ఆమె కదిలినకొద్దీ వదులుతూ బిగిస్తూ ఉండే చెయ్యి కావాలి. ఉలార్ రాయి వెనక మంచు తవ్వి గుంటలో కూర్చున్నాడు. కాళ్ళు తన్నిపెట్టాడు. తాడు వీపు వెనక నుంచి తిప్పి తీసుకున్నాడు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

నిన్న సాయంత్రం 'అయిపోయింది పిన్నీ' అన్న గొంతు కూడా ఇంత నిబ్బరంగానే ఉండి ఉంటుంది. ఆమె వంగి తాడుని రెండుసార్లు గట్టిగా గుంజి చూసింది. అతను, కోప్పడే హక్కు లేదని తెలిసినవాడిలా మొహం పెట్టాడు.

"బురుల్, విరిగితే కిందికి చూడకు. అడ్డంగా పో. ఆ రాళ్ళ వరస దాకా ఆగకుండా పో. ఆగావంటే..."

"నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నా," అంది, అని వాలు మీదికి జరిగింది.

కొత్త మంచు స్కీల కింద ఎంత మెత్తగా ఉందంటే, ఇంకే పొద్దున్నైనా అయితే ఆ మెత్తదనానికి ఆమె నోరారా కేకపెట్టి ఉండేది. అడ్డంగా పది బారలు జరిగి, ఎగిరి రెండు స్కీలతో తొక్కింది. ఏమీ కాలేదు. ఇంకొంచెం జరిగింది. తొక్కింది. వాలు మొండి ఎద్దులా పడుకునే ఉంది. వెనకాల తాడు సాగుతూ మంచుని గీస్తున్న సన్నటి చప్పుడు. ఎండ ఆమె భుజం మీదికి వచ్చింది. చెంప వెచ్చబడింది. ఆ వెచ్చదనం తన చెంపకి ఒక్కదానికే కాదని ఆమెకి తెలుసు.

నడిమధ్యకి వచ్చాక ఉలార్ అరిచాడు.

"ఆగు! బురుల్, ఆగు! కదలకు!"

ఆమె ఆగింది. అక్కడ ఆగకూడదు, అయినా ఆగింది. తలతిప్పితే అతను తాడు పట్టుకునే గడ్డంతో కిందికి చూపిస్తున్నాడు.

వంతెన ఈవలికి మగాళ్ళు వచ్చేశారు. భుజాల మీద పారలున్నాయి. అందరికీ ముందు ఓమూర్జాక్ తాత, కర్ర పొడుచుకుంటూ, పాడైనదాన్ని పొద్దెక్కేలోపు సరిచెయ్యాలన్న పట్టుదలతో ఊటవైపు నడుస్తున్నాడు. వాళ్ళ ఎదురుగా నీలం శాలువా. సాలికా రెండు చేతులూ బారచాపి దారికి అడ్డం నిలబడింది. వాళ్ళు ఒక అడుగు ముందుకేస్తే ఆమె ఒక అడుగు వెనక్కి వేస్తోంది, ఇంకో అడుగుకి ఇంకో అడుగు. చేతులు మాత్రం దించడం లేదు. అరుస్తోంది కాబోలు, ఇంతదూరానికి మాట తెలియడం లేదు.

చివరికి వాళ్ళు ఆగారు. ఊట కంటే ముందొచ్చే ఎర్రరాయి దగ్గర, చరియ ఎంత పెద్దదైనా దాటి రాని చోట, తాతతో సహా అందరూ ఆగారు. ఆమె వాళ్ళని ఆపేసింది.

అడుగు వెనక అడుగు వేసుకుంటూ వచ్చి, సాలికా ఒక్కతే రాయికి ఇవతల, కొండవైపు మిగిలింది. వీపు కొండకి, మొహం వాళ్ళకి. సరిగ్గా తెల్లచెంప పాదంలో.

"అమ్మా!" అని బురుల్ అరిచింది. అరుపు సగం దూరం కూడా పోలేదు.

కాళ్ళ కింద ఎక్కడో లోతున, గోనెసంచి దభీమని దించినట్టు చప్పుడైంది. వాలు మొత్తం వేలెడు కిందికి దిగి ఆగింది. ఆమె స్కీల ముందునుంచి సన్నటి నీలిగీత ఒకటి బయల్దేరి, మంచుని రెండుగా చీల్చుకుంటూ, ఉలార్ కూర్చున్న రాయివైపు పరిగెత్తింది.